మూడు రోజుల ఊపిరికి ఎంత బరువు? శ్రీహరికోట నుంచి మనిషిని పంపే ఖర్చు లెక్క

సూళ్లూరుపేట దాటి పులికాట్ సరస్సు మీదుగా శ్రీహరికోట రాకెట్ ప్రయోగ కేంద్రం షార్‌కి వెళ్లే రోడ్డు 2022లో జిల్లాలు విడిపోయాక తిరుపతి జిల్లాలోకి వచ్చింది. పెద్ద రాకెట్ లేచిన రోజు మబ్బు లేకపోతే తిరుపతిలో మేడెక్కిన వాళ్లకి కూడా తూర్పున పొగచార కనబడుతుంది. దాని ఖరీదు మాట వస్తే మనం ముందుగా అడిగేది ‘కిలోకి ఎంత?’ అని. ఉపగ్రహానికైతే ఆ లెక్క చాలావరకు సరిపోతుంది. మనిషి దగ్గరికి వచ్చేసరికి అది మనల్ని దారి తప్పిస్తుంది.

మన రాకెట్ మీద మన మనుషుల్ని పంపే గగన్‌యాన్‌కి 2018 డిసెంబరులో కేంద్రం ఒప్పుకున్న మొత్తం 9,023 కోట్ల రూపాయలు. 2024 సెప్టెంబరులో మరిన్ని ప్రయోగాలనీ, భారతీయ అంతరిక్ష కేంద్రం తొలి మాడ్యూల్‌నీ కలిపి దాన్ని 20,193 కోట్లకి పెంచారు. ముగ్గురు మనుషులు, 400 కిలోమీటర్ల ఎత్తు, మూడు రోజులు. ఇంత డబ్బు ఎక్కడికి పోతుందో తెలియాలంటే ముందు కిలో లెక్కే పూర్తిగా వేసి చూడాలి. అది ఎక్కడ ఆగిపోతుందో అప్పుడు తెలుస్తుంది.

కిలో లెక్క

గగన్‌యాన్‌ని మోసే ఎల్‌వీఎం3 రాకెట్ నేల మీద నిలబడ్డప్పుడు బరువు 640 టన్నులు. భూమికి దగ్గరగా ఉండే దిగువ కక్ష్యకి అది చేర్చగలిగేది సుమారు 8 టన్నులు. అంటే పైకి చేరే ప్రతి కిలోకీ కింద 80 కిలోల రాకెట్ కావాలి.

ఎందుకింత తేడా? కక్ష్యలో నిలవాలంటే సెకనుకి 7.7 కిలోమీటర్ల వేగం కావాలి. గాలి రాపిడికీ, భూమి ఆకర్షణకీ పోయేది కలుపుకుంటే దాదాపు 9.4 కిలోమీటర్ల వేగానికి సరిపడా ఇంధనం నింపుకోవాలి. అతి చల్లటి ద్రవ ఇంధనంతో నడిచే మంచి క్రయోజెనిక్ ఇంజన్ నుంచి వాయువులు వెలువడే వేగం సెకనుకి 4.4 కిలోమీటర్లే. చేరాల్సిన వేగం అంతకి రెట్టింపు పైన ఉంది కాబట్టి, ఆ ఇంధనాన్ని మోయడానికే మళ్లీ ఇంధనం కావాలి. అలిపిరి మెట్లదారిలో ఒక్క కొళాయీ లేదనుకోండి. పైదాకా కావలసిన నీళ్లు మనమే మోయాలి. ఆ నీళ్ల బరువు వల్ల దాహం ఇంకా పెరుగుతుంది, దానికోసం ఇంకొన్ని నీళ్లు మోయాలి. రాకెట్ బరువులో అత్యధిక భాగం ఇలా పెరిగినదే.

ఇక రూపాయల్లో. వన్‌వెబ్ అనే కంపెనీ ఇంటర్నెట్ ఉపగ్రహాలు 72ని రెండు ఎల్‌వీఎం3 ప్రయోగాల్లో పంపడానికి కుదిరిన ఒప్పందం వెయ్యి కోట్ల పైచిలుకు. ఒక ప్రయోగానికి 500 కోట్లు అనుకుని 8 టన్నులతో భాగిస్తే కిలోకి ఆరు లక్షల పాతికవేలు వస్తుంది. అయితే ఆ ప్రయోగాల్లో ఒక్కోసారి పైకి వెళ్లిన బరువు 5.8 టన్నులే. ఆ బరువుతో భాగిస్తే కిలో ధర ఎనిమిదిన్నర లక్షలు దాటుతుంది. సీట్లు నిండినా నిండకపోయినా బస్సు డీజిల్ ఖర్చు మారదు కదా, ఇదీ అంతే. ఈ వ్యాసంలో తక్కువ అంకెనే, అంటే ఆరు లక్షల పాతికవేలనే వాడుకుందాం.

మనిషికి రోజుకి ఏం కావాలి

సగటు వ్యోమగామి రోజుకి 0.84 కిలోల ఆక్సిజన్ పీలుస్తాడు, ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. పొట్లాలతో కలిపి తిండి 1.8 కిలోలు. తాగడానికీ, ఎండిన తిండిలో కలపడానికీ, ఒళ్లు తుడుచుకోవడానికీ పొదుపుగా 3 కిలోల నీరు. వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకునే రసాయనం సుమారు 1.3 కిలోలు. అన్నీ కలిపితే మనిషికి రోజుకి ఏడు కిలోలు.

ముగ్గురికి మూడు రోజులకి 63 కిలోలు. మన కిలో ధరతో పైకి చేర్చే ఖర్చు నాలుగు కోట్లకి కాస్త తక్కువే. ఏ కారణంతోనైనా తిరుగు ప్రయాణం ఆలస్యమైతే అని ఏడు రోజులకి సరిపడా నింపినా 147 కిలోలు, తొమ్మిది కోట్ల పైచిలుకు. సిలిండర్లు, గొట్టాలు, ఫ్యాన్ల బరువు వేరే ఉంటుంది. దాన్ని రెట్టింపో మూడింతలో వేసుకున్నా ఇరవై వేల కోట్ల దరిదాపుల్లోకి రాదు.

మరి మిగతాది? దీనికి జవాబు అమెరికా అంకెల్లో స్పష్టంగా కనబడుతుంది. ఫాల్కన్ 9 ప్రయోగం ధర దాదాపు 7 కోట్ల డాలర్లు. అదే రాకెట్ మీద మనుషుల్ని తీసుకెళ్లే నౌక క్రూ డ్రాగన్‌లో నాసాకి ఒక్క సీటు 5.5 కోట్ల డాలర్లు పడుతుందని నాసా ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం 2019లో లెక్క కట్టింది. నలుగురికి 22 కోట్లు. రాకెట్ వాటా మూడో వంతు కూడా లేదు. మిగిలిందంతా నౌకకీ, దాని పరీక్షలకీ, శిక్షణకీ, కింద కాపలా కాసే మనుషులకీ, సముద్రంలోంచి తీసుకొచ్చే ఏర్పాట్లకీ. 2025 జూన్ 25న ఆక్సియం-4 యాత్రలో మన వ్యోమగామి శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లి జులై 15న తిరిగొచ్చినందుకు మన దేశం పెట్టినది సుమారు 550 కోట్లని చెబుతారు. శిక్షణతో కలిపి ఒక్క మనిషికి అయిన ఆ ఖర్చుతో ఒక ఎల్‌వీఎం3ని ఎగరేయవచ్చు.

‘రాకెట్ చవకైతే మనిషి ప్రయాణం చవకవుతుంది’ అనే మాట సగమే నిజం. ప్రాణం నిలబెట్టే ఖర్చుకి కిలోలతో సంబంధం తక్కువ. ఏది చెడితే ఎంతసేపట్లో ప్రాణం మీదికి వస్తుందన్న దానితోనే దాని సంబంధం.

పరీక్షల బరువు

ఎల్‌వీఎం3కి ఇరువైపులా ఉండే ఎస్200 బూస్టర్లలో ఘన ఇంధనం ఒకసారి అంటుకుంటే ఆపడం కుదరదు. ఉపగ్రహం పోతే బీమా ఉంటుంది, మనుషులతో అలా కుదరదు. 1986లో ఛాలెంజర్ కూలింది సరిగ్గా ఇలాంటి బూస్టర్ అతుకులో చలికి బిగుసుకుపోయిన రబ్బరు రింగు వల్లే. అందుకే మనిషి కోసం చేసిన రూపంలో, అంటే హెచ్‌ఎస్200లో, అతుకుల దగ్గర, జ్వలన వ్యవస్థలో అదనపు రక్షణలు పెట్టారు. 2022 మే 13న శ్రీహరికోటలో 203 టన్నుల ఇంధనంతో దాన్ని 135 సెకన్లు నేలమీదే మండించి చూశారు. ఆ 203 టన్నులు ఎక్కడికీ ఎగరలేదు. ఖర్చు మాత్రం మొత్తం అయింది. పై దశలోని సీఈ20 క్రయోజెనిక్ ఇంజన్‌ది ఇంకా పెద్ద లెక్క. నాలుగు ఇంజన్లని 39 సార్లు మండించారు. మొత్తం 6,350 సెకన్లు నడిస్తే చాలన్న చోట 8,810 సెకన్లు నడిపారు.

తరవాత క్రూ ఎస్కేప్ సిస్టమ్. రాకెట్‌లో తేడా కనబడిన క్షణంలో మనుషులున్న మాడ్యూల్‌ని లాక్కుని దూరంగా పారిపోయే మోటార్ల గుత్తి ఇది. అంతా సవ్యంగా జరిగితే దీనికి పనే లేదు. కొంత ఎత్తుకి వెళ్లాక విడిచిపెట్టేస్తారు. అయినా టన్నుల కొద్దీ బరువున్న దీన్ని ప్రతిసారీ మోయాల్సిందే. 1983లో సోవియట్ ప్రయోగ వేదిక మీద సోయుజ్ రాకెట్ అంటుకున్నప్పుడు ఇద్దరు ప్రాణాలతో బయటపడింది ఇలాంటి ఏర్పాటు వల్లే. మన దగ్గర 2018 జులై 5న వేదిక మీద నుంచి తప్పించుకునే పరీక్ష 259 సెకన్లలో ముగిసింది. 2023 అక్టోబరు 21న టీవీ-డీ1 అనే చిన్న పరీక్షా రాకెట్‌తో చేసింది ఆకాశంలోకి లేచాక తప్పించుకునే పరీక్ష. ఆ రోజు కంప్యూటర్ అయిదు సెకన్ల ముందు ప్రయోగాన్ని తనంతట తనే ఆపేసింది. కారణం కనిపెట్టి సరిచేసి పది గంటలకి ఎగరేశారు. మాడ్యూల్ అనుకున్నట్టే విడిపోయింది, పారాచూట్లు తెరుచుకున్నాయి, కానీ సముద్రంలో తలకిందులుగా తేలింది. లోపల మనుషులుంటే బెల్టులకి వేలాడుతూ ఉండేవాళ్లు. కెరటాల్లో మాడ్యూల్‌ని నిటారుగా నిలిపే గాలిబుడగల ఏర్పాటు ఎందుకు తప్పదో ఆ ఒక్క దృశ్యం చెబుతుంది.

పారాచూట్లు మొత్తం పది, నాలుగు రకాలు. చివరి మూడు పెద్దవాటిలో రెండు తెరుచుకున్నా చాలు. మూడోది కేవలం భరోసా. 2025 ఆగస్టు 24న చినూక్ హెలికాప్టర్ నుంచి నమూనా మాడ్యూల్‌ని జారవిడిచి చూసింది ఈ వరసనే.

ముందు కమ్ముకునేది ఏది

లైఫ్ సపోర్ట్ అనగానే అందరికీ ముందు ఆక్సిజన్ గుర్తొస్తుంది. మూసిన గదిలో ముందు కమ్ముకునేది పాత పాఠ్యపుస్తకాల్లో బొగ్గుపులుసు వాయువని చదువుకున్న కార్బన్ డయాక్సైడ్. లెక్క వేసి చూడండి. మాడ్యూల్ లోపల పది ఘనపు మీటర్ల గాలి ఉందనుకుందాం. ముగ్గురు గంటకి 125 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వదులుతారు. అది గాలిలో గంటకి దాదాపు 0.7 శాతం పెరుగుదల. బయటి గాలిలో ఉండేది 0.04 శాతమే. శుద్ధిచేసే యంత్రం ఆగిపోతే నాలుగున్నర గంటల్లోపు 3 శాతానికి చేరుతుంది. అప్పటికి తలనొప్పి, ఎగఊపిరి, చికాకు మొదలవుతాయి. అదే సమయంలో ఆక్సిజన్ 21 నుంచి 17 శాతం దాకా మాత్రమే దిగుతుంది. అంటే ఆక్సిజన్ సిలిండరు నిండుగా ఉన్నా మనిషి ప్రమాదంలో పడతాడు.

చిన్న యాత్రల్లో దీనికి సులువైన మందు లిథియం హైడ్రాక్సైడ్. పొడిగా గింజల రూపంలో డబ్బాలో నింపి, ఫ్యాన్‌తో గాలిని అందులోంచి తోస్తారు. 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌కి 48 గ్రాములు చాలునని రసాయన శాస్త్రం చెబుతుంది. కానీ గాలి డబ్బాలో సమంగా పారదు. వదులుగా ఉన్న చోట దారి చేసుకుని పోతుంది, మిగతా గింజలు వాడకుండానే ఉండిపోతాయి. అందుకే లెక్క 1.1 కిలో దగ్గర ఉన్నా 1.3 వేసుకోవాలి. ప్రయోగపు అదురుకి గింజలు నలిగి పొడైతే ఆ పొడి కళ్లనీ ఊపిరితిత్తుల్నీ కాలుస్తుంది కాబట్టి డబ్బా వెనక వడపోత తప్పనిసరి. ఈ చర్యలో వేడీ పుడుతుంది, నీటి ఆవిరీ పుడుతుంది. ఆ రెండింటినీ ఇంకో యంత్రం మోయాలి.

1970లో అపోలో 13లో తిప్పలు వచ్చింది ఈ డబ్బాలతోనే. ప్రధాన నౌకలో చదరపు డబ్బాలు, చంద్రుడి మీద దిగే నౌకలో గుండ్రటివి. ముగ్గురూ చిన్న నౌకలోకి మారాక గుండ్రటివి చాలలేదు, చదరపువి పట్టలేదు. ప్లాస్టిక్ సంచులు, అట్టలు, సూట్ గొట్టాలు, టేపుతో అతికించి గండం గట్టెక్కారు. నౌక ఏదైనా విడిభాగాల కొలత ఒకటే ఉండాలన్న నియమానికి ఇంతకంటే గట్టి ఆధారం అక్కర్లేదు.

ఇంకో చిక్కు భూమ్మీద మనకి తట్టనే తట్టదు. భార రహిత స్థితిలో వేడిగాలి పైకి లేవదు. కాబట్టి నిద్రపోయే మనిషి వదిలిన ఊపిరి మొహం ముందే ముద్దగా నిలబడుతుంది. క్యాబిన్ మొత్తం మీద గాలి శుభ్రంగా ఉన్నా అతను పీల్చేది తను వదిలిందే. అందుకే ఫ్యాన్ ఒక్క క్షణం ఆగకూడదు, ఒకటి చెడితే వెంటనే రెండోది అందుకోవాలి. ఒక్కో మనిషి వంద వాట్ల బల్బులా వేడినిస్తాడు. ఆ వేడినీ, చెమట తడినీ చల్లటి పలకల మీద పట్టుకోవాలి. అక్కడ నీరు బొట్టుగా కిందికి జారదు, పలకకే అంటుకుని పొరలా పెరుగుతుంది. గాలితో లాగి తిప్పి వేరు చేయాలి. ఆ పని సరిగా జరగకపోతే తడి వైర్ల మీదికి చేరుతుంది, మూలల్లో బూజు పడుతుంది.

పీడనం సంగతి క్లుప్తంగా. 1967లో అపోలో 1లో నేలమీద పరీక్షలో ముగ్గురు చనిపోయింది స్వచ్ఛమైన ఆక్సిజన్ నింపిన క్యాబిన్‌లో నిప్పు అంటుకోవడం వల్ల. 1971లో సోయుజ్ 11లో ముగ్గురు చనిపోయింది తిరుగు ప్రయాణంలో ఒక చిన్న వాల్వ్ తెరుచుకుని గాలంతా బయటికి పోవడం వల్ల. వాళ్లు ప్రెషర్ సూట్లు వేసుకోలేదు. ఆ తరవాత సోయుజ్‌లో సూట్లు తప్పనిసరి చేశారు, మూడో సీటు తీసేసి చాలా ఏళ్లు ఇద్దరినే పంపారు. సూట్ల కోసం ఒక మనిషినే వదులుకోవలసి వచ్చిందన్నమాట.

మూడు రోజులకీ మూడేళ్లకీ తేడా

మూడు రోజుల యాత్రకి నీటిని శుద్ధిచేసే యంత్రం పెట్టడం తెలివితక్కువ. 63 కిలోల సరుకు మోసుకెళ్లి వాడేసి పారేయడమే క్షేమం. డబ్బాలో కదిలే భాగం ఏదీ ఉండదు, చెడడానికి తక్కువ. గగన్‌యాన్‌కి తేలికైన మార్గం ఎంచుకోవడాన్ని వెనకబాటుగా చూసేవాళ్లు ఈ లెక్క చూడాలి.

కానీ 2035 నాటికి కట్టాలనుకుంటున్న భారతీయ అంతరిక్ష కేంద్రం సంగతి వేరు. ముగ్గురు ఏడాది ఉంటే మనిషికి రోజుకి ఏడు కిలోల చొప్పున 7,665 కిలోలు. అంటే దాదాపు ఒక ఎల్‌వీఎం3 మొత్తం. పైగా సరుకుల నౌక సొంత బరువు ఉంటుంది. రష్యా ప్రోగ్రెస్ నౌక ఏడు టన్నుల పైచిలుకు ఉంటే అందులో సరుకు రెండున్నర టన్నులే. ఆ నిష్పత్తిలో ఏడాదికి మూడు సరుకుల ప్రయోగాలు, పదిహేను వందల కోట్లు. ఊపిరికీ, నీళ్లకీ, తిండికీ మాత్రమే.

అందుకే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో చెమటనీ మూత్రాన్నీ మళ్లీ తాగే నీరుగా మారుస్తారు. 2023లో నీటి రికవరీ 98 శాతానికి చేరింది. కానీ అక్కడికి చేరే దారిలో ఏం జరిగిందో ఆ అంకె చెప్పదు. మూత్రాన్ని స్వేదనం చేసే యంత్రం 2009లో లోపల గట్టి పెళ్లలు కట్టి ఆగిపోయింది. చిత్తూరు వైపు బోరునీళ్ల గీజరులో తెల్లగా పేరుకునే పెచ్చుల్లాంటివే అవి. కారణం వ్యోమగాముల ఎముకల్లో ఉంది. భార రహిత స్థితిలో ఎముకలు కరిగి మూత్రంలో కాల్షియం పెరుగుతుంది. మూత్రం పాడవకుండా కలిపింది గంధకామ్లం. రెండూ కలిసి కాల్షియం సల్ఫేట్, అంటే జిప్సం, దిగింది. భూమ్మీద పరీక్షించినప్పుడు మామూలు మనుషుల మూత్రం వాడారు కాబట్టి ఇది బయటపడలేదు. కొన్నేళ్లు తక్కువ నీరు తీసుకుంటూ సర్దుకుని, చివరికి గంధకామ్లానికి బదులు ఫాస్ఫారిక్ ఆమ్లం వాడారు. తరవాత మిగిలిన చిక్కటి ద్రవంలోంచి కూడా నీరు లాగే యంత్రం చేరాకే 98 వచ్చింది.

అక్కడ కార్బన్ డయాక్సైడ్‌ని పట్టే జియోలైట్ అనే ఖనిజపు గింజలదీ అదే కథ. వేడిచేసి వాయువుని వదిలించి, చల్లార్చి మళ్లీ పట్టించాలి. వేడికీ చల్లదనానికీ పదేపదే సాగి ముడుచుకుని గింజలు పొడై వాల్వులకి అడ్డుపడ్డాయి.

ఆక్సిజన్‌ని నీటిని విడగొట్టి తీస్తారు. మనిషికి రోజుకి కావలసిన 0.84 కిలోలకి 0.95 కిలోల నీరు ఖర్చవుతుంది, 105 గ్రాముల హైడ్రోజన్ మిగులుతుంది. ఆ హైడ్రోజన్‌ని కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి సబాటియే చర్య జరిపితే మళ్లీ నీరూ, మీథేనూ వస్తాయి. అయితే మనిషి వదిలిన కిలో కార్బన్ డయాక్సైడ్ మొత్తానికి 180 గ్రాముల హైడ్రోజన్ కావాలి. ఉన్నది 105. తిరిగొచ్చే నీరు 0.47 కిలోలు, పెట్టినదాంట్లో సగం. మిగతా హైడ్రోజన్ మీథేన్‌లో కలిసి బయటికి పోతుంది. యంత్రం ఎంత బాగున్నా ఈ సగం దగ్గర రసాయన శాస్త్రమే ఆపేస్తుంది.

చవక రాకెట్ లెక్కని ఎలా మారుస్తుంది

ఒక ఉదాహరణ. నీటిని శుద్ధిచేసే వ్యవస్థ బరువు ఒక టన్ను అనుకుందాం. ముగ్గురికి రోజుకి తొమ్మిది కిలోల నీరు ఆదా అయితే నాలుగు నెలలకి దాని బరువు తీరిపోతుంది. ఇది బరువు లెక్క. ఇప్పుడు దాన్ని తయారుచేసి పరీక్షించడానికి 500 కోట్లు అయిందనుకుందాం. కిలో ఆరు లక్షల పాతికవేల ధర మీద ఆ డబ్బు తిరిగి రావాలంటే 8,000 కిలోల నీరు మిగలాలి. దాదాపు రెండున్నర ఏళ్లు. ఫర్వాలేదు, కేంద్రం అంతకాలం నడుస్తుంది.

2024 సెప్టెంబరులో ఆమోదం పొందిన కొత్త రాకెట్ ఎన్‌జీఎల్‌వీ దిగువ కక్ష్యకి 30 టన్నులు మోస్తుందనీ, ఖర్చు ఎల్‌వీఎం3కి ఒకటిన్నర రెట్లనీ చెప్పారు. ప్రధానంగా దానికోసం శ్రీహరికోటలో 3,984.86 కోట్లతో మూడో ప్రయోగ వేదిక కడుతున్నారు. మన 500 కోట్ల అంచనా మీద అది 750 కోట్లు, కిలోకి రెండున్నర లక్షలు. అప్పుడు అదే యంత్రం డబ్బు తిరిగి రావడానికి 20,000 కిలోల నీరు, ఆరేళ్లు కావాలి. రాకెట్ చవకయ్యేకొద్దీ రీసైక్లింగ్ లాభం తగ్గుతుందన్నమాట. నా ఉద్దేశంలో మన కేంద్రం 98 శాతం కోసం పరుగెత్తాల్సిన పనిలేదు. చెమట నీరు తేలిక, దాన్ని ముందు పట్టుకోవాలి. మూత్రంలో సులభంగా వచ్చేంత తీసుకుని మిగతాది కింది నుంచి పంపడం, అలా మిగిలిన బరువుని విడిభాగాలకీ రెండో పంపుకీ వాడుకోవడం మేలు. చంద్రుడి దగ్గర మజిలీ అయితే ఈ మాట చెల్లదు. అక్కడికి చేరే ప్రతి కిలోకీ దిగువ కక్ష్యలో అనేక కిలోలు కావాలి, పైగా విడిభాగం అడిగిన వారంలో అందదు.

నీటినీ గాలినీ ఎంత తిప్పి వాడినా తిండి మాత్రం అలాగే మిగిలిపోతుంది. మనిషికి రోజుకి 1.8 కిలోల చొప్పున ముగ్గురికి ఏడాదికి 1,971 కిలోలు. ప్రోగ్రెస్ లాంటి సరుకుల నౌక ఒకటి దానితోనే ముప్పాతిక నిండిపోతుంది.